వినేవారి ఎరుక: మానసిక చికిత్సలో చికిత్సకుల అవధానం, క్లయింట్ సంబంధం – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

మైండ్‌ఫుల్‌నెస్ అంటే క్లయింటుకు నేర్పే సాధన అన్న భావన 1979 తరువాత స్థిరపడింది. అంతకు చాలా ముందే, 1912 నుంచి, చికిత్స చేసేవారు తమ అవధానాన్ని ఎలా నిలుపుకోవాలన్న చర్చ ఒకటి సాగింది. ఫ్రాయిడ్, ఫెరెంజి, హోర్నై, రోజర్స్, బియన్ రచనల మీదుగా ఆ చర్చను ఈ వ్యాసం అనుసరిస్తుంది. చికిత్సకుల ఎరుక వారి సొంత అనుభవంగా మిగిలినంతవరకు అది చికిత్సా సంబంధానికి ప్రమాణం కాజాలదని, అది ఎదుటివారికి అందిందా లేదా అన్నదే అసలు ప్రశ్న అని ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: స్మృతి, ఎరుక, అవధానం, చికిత్సా సంబంధం, మనోవిశ్లేషణ, మైండ్‌ఫుల్‌నెస్

ఉపోద్ఘాతం

సంయుత్తనికాయంలోని సతిపట్ఠాన సంయుత్తంలో ఒక చిన్న సుత్తం ఉంది. సుంభ జనపదంలోని సేదకమనే ఊరిలో బుద్ధుడు భిక్షువులకు చెప్పిన కథ అది. వెదురు గడ మీద ఆట ఆడి పొట్టపోసుకునే గురువు ఒకడు గడ నిలబెట్టి, మేదకథాలిక అనే శిష్యుని పిలిచి భుజాల మీదికి ఎక్కమంటాడు. ఒకరినొకరు కనిపెట్టుకుంటూ ఉంటే ఆట చూపి, నాలుగు డబ్బులు సంపాదించి, క్షేమంగా దిగవచ్చునని గురువు ఆలోచన. శిష్యుడు దానికి ఒప్పుకోడు. ఎవరిని వారు కాచుకుంటేనే ఇద్దరూ క్షేమంగా దిగగలరని అతని వాదన. బుద్ధుడు శిష్యుని పద్ధతినే సమర్థిస్తాడు. అయితే అక్కడితో ఆగడు. తనను కాచుకోవడంలో ఇతరులను కాచడం, ఇతరులను కాచడంలో తనను కాచుకోవడం ఉన్నాయని రెండు కొసలనూ ముడివేస్తాడు. మొదటిది స్మృతి సాధన వల్ల, రెండవది ఓర్పు, అహింస, మైత్రి, దయల వల్ల సిద్ధిస్తుందని వివరిస్తాడు.

దొమ్మరాట చూసిన తెలుగు పాఠకునికి ఈ దృశ్యం కొత్తది కాదు. గడ కింద నిలబడినవాడు ఒక్క క్షణం ఏమరితే పైనున్నవాడి ప్రాణానికే ముప్పు. పైవాడు ఏమరినా కిందివాడికి అంతటి ముప్పు ఉండదు. బాధ్యత ఇద్దరిదీ అయినా ప్రమాదం ఇద్దరికీ సమానం కాదు. మానసిక చికిత్స గదిలో ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరి స్థితి కూడా ఇటువంటిదే. తన జీవితంలో ఎవరికీ చెప్పని మాటలు చెప్పుకోవడానికి వచ్చినవారు ఒకరు. వారానికి అటువంటి మాటలు ఎన్నో వినేవారు మరొకరు. వినేవారి మనస్సు ఆ గంటలో ఎక్కడ ఉందన్న ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది. కాని మానసిక చికిత్సా చరిత్రలో అది స్నేహాలను విరిచింది, ఒక పత్రం ఆంగ్లంలో వెలువడకుండా పదహారేళ్లు ఆపింది.

పదాల కథ

మైండ్‌ఫుల్‌నెస్ అన్న ఆంగ్లపదం బౌద్ధ పరిభాషగా స్థిరపడడానికి సింహళంలో బ్రిటిష్ సివిల్ ఉద్యోగిగా పనిచేసి పాళీ నేర్చుకున్న టి.డబ్ల్యు. రీస్ డేవిడ్స్ ప్రధాన కారకుడు. 1881లో 'సేక్రెడ్ బుక్స్ ఆఫ్ ది ఈస్ట్' గ్రంథమాల పదకొండవ సంపుటంగా వెలువడిన అనువాదాలలో అతడు పాళీ 'సతి'కి ఈ పదాన్ని వాడాడు. సతి అంటే సంస్కృతంలో స్మృతి. 'స్మృ' ధాతువు నుంచి పుట్టిన ఈ మాటకు మొదటి అర్థం జ్ఞాపకం. బౌద్ధ సాధనలో దాని అర్థం గతాన్ని తలచుకోవడం కాదు, చేస్తున్న పనిని, ఎదుట ఉన్నదానిని మరచిపోకుండా ఉండడం. మరుపు లేమి అనవచ్చు.

తెలుగులో ఈ మాటను తేవడం అంత సులభం కాదు. పాళీ రూపాన్నే ఉంచితే 'సతి' అనగానే భార్య గుర్తుకు వస్తుంది. 'స్మృతి' అంటే మనువో యాజ్ఞవల్క్యుడో ముందుకు వస్తారు. 'ఎరుక' అచ్చమైన మాట, కాని అది సోదె చెప్పే ఎరుకలసానిది కూడా. పైగా అచల పరిభాషలో ఎరుక దాటవలసిన భ్రమ. ఇన్ని ఛాయలున్నా ఈ వ్యాసంలో స్మృతికి 'ఎరుక' అనే మాటనే వాడడం జరిగింది. ఎరుకలసాని ఎదుటివారి మనసులోని మాట కనిపెట్టే మనిషి కనుక, ఆ ఛాయ ఈ సందర్భంలో పూర్తిగా అప్రస్తుతం కూడా కాదు.

క్లయింట్ అన్న మాట మరొక చిక్కు. వైద్యుని ఎదుట రోగి, న్యాయవాది ఎదుట కక్షిదారు, గురువు ఎదుట శిష్యుడు ఉంటారు. తెలుగులో స్థిరపడిన ఈ మూడు సంబంధాలలో దేనిలోనూ ఇమడని వ్యక్తి మానసిక చికిత్స పొందేవారు. 1940లలో కార్ల్ రోజర్స్ 'పేషెంట్' అనే మాటను వదిలి 'క్లయింట్'ను ప్రచారంలోకి తెచ్చినప్పుడు ఆంగ్లంలోనూ ఇదే ఇబ్బంది ఉండేది. చికిత్స పొందేవారు నిస్సహాయులు కారని, తమ బాగును తామే నిర్ణయించుకోగలవారని చెప్పడం అతని ఉద్దేశం. ఆ వివక్షను దృష్టిలో ఉంచుకొని ఫ్రాయిడ్, ఫెరెంజి సందర్భాలలో 'రోగి' అని, తరువాతి సందర్భాలలో 'క్లయింట్' అని ఇక్కడ వ్యవహరించడమైనది.

పదాల విషయంలో మరొక అంశం గమనార్హం. సతిపట్ఠాన సుత్తం దేహాన్ని, వేదనలను, చిత్తాన్ని, ధర్మాలను గమనించమని చెప్పేటప్పుడు లోపల, బయట, లోపలా బయటా అని మూడు విధాలుగా పునరుక్తి చేస్తుంది. 'బయట' అంటే ఇతరులలో అని అట్ఠకథ వ్యాఖ్యానం. అంటే ఎదుటివారి స్థితిని గమనించడం కూడా ఈ సాధనలో భాగమే. ఆధునిక కాలంలో కళ్లు మూసుకొని శ్వాసను గమనించే ఒంటరి సాధనగా ప్రచారమైన రూపంలో ఈ 'బయట' దాదాపు జారిపోయింది. గడ కథలోని ఇద్దరిలో ఒకరే మిగిలారన్నమాట.

మంచం వెనుక కుర్చీ

1912లో సిగ్మండ్ ఫ్రాయిడ్ మనోవిశ్లేషణ చేసే వైద్యులకు కొన్ని సూచనలు చేస్తూ ఒక చిన్న వ్యాసం ప్రచురించాడు. రోజుకు ఆరుగురు, ఎనిమిది మంది రోగులను చూసే వైద్యుడు నెలల తరబడి వారు చెప్పే పేర్లు, తేదీలు, కలలు అన్నీ ఎలా గుర్తుంచుకోగలడన్నది అతడు తీసుకున్న మొదటి ప్రశ్న. అతని సమాధానం ఆశ్చర్యకరమైనది. గుర్తుంచుకోవడానికి ప్రయత్నించవద్దన్నాడు. వింటూ రాసుకోవద్దన్నాడు. దేని మీదా ప్రత్యేకంగా దృష్టి పెట్టక, విన్న ప్రతి మాట మీదా ఒకే తీరుగా తేలుతూ ఉండే అవధానాన్ని నిలుపుకోమన్నాడు. ముఖ్యమనుకున్నదాన్ని ఏరుకోవడం మొదలుపెడితే వైద్యుడు తనకు ముందే తెలిసినది తప్ప మరేమీ కనుగొనలేడన్నది అతని హెచ్చరిక.

అవధానం అన్న మాట వినగానే తెలుగు పరిశోధకులకు అష్టావధాని స్ఫురించడం సహజం. పోలిక కొంతవరకే నిలుస్తుంది. అవధాని ఎనమండుగురు పృచ్ఛకుల మధ్య తన దృష్టిని సమంగా పంచుతాడు, నిజమే. కాని అతని విద్యకు ప్రాణం ధారణ. పట్టు వదలకుండా నిలుపుకున్నదాన్ని చివర ఒప్పజెప్పాలి. ఫ్రాయిడ్ కోరినది ధారణ లేని అవధానం. పట్టును వదిలితేనే అవసరమైనది సమయానికి దానంతటదే పైకి వస్తుందని అతని నమ్మకం. వైద్యుని అచేతన మనస్సు టెలిఫోన్ శ్రవణ పరికరంలా రోగి అచేతనానికి ట్యూన్ కావాలని అతడు పోల్చాడు.

అదే వ్యాసంలో మరొక పోలిక ఉంది. వైద్యుడు శస్త్రచికిత్సకునిలా తన భావోద్వేగాలను, చివరకు మానవ సానుభూతిని కూడా పక్కనబెట్టాలన్నది దాని సారాంశం. టెలిఫోన్ పోలికకూ శస్త్రచికిత్స పోలికకూ మధ్య ఉన్న పొంతన లేమిని తరువాతి తరాలు తలా ఒక విధంగా అనుభవించాయి. ఒకటి పూర్తిగా తెరచుకోమంటుంది, రెండవది మూసుకోమంటుంది.

మరుసటి ఏడు, 1913లో, చికిత్స ప్రారంభించే పద్ధతి గురించి రాస్తూ ఫ్రాయిడ్ రోగి మంచం మీద పడుకోవాలని, వైద్యుడు కనబడకుండా వెనుక కూర్చోవాలని సూచించాడు. ఇందుకు సాంకేతిక కారణాలతో పాటు ఒక వ్యక్తిగత కారణాన్నీ దాచకుండా చెప్పాడు: రోజుకు ఎనిమిది గంటలో అంతకన్నా ఎక్కువసేపో ఇతరులు తనను తేరిపార చూస్తూ ఉంటే అతడు భరించలేడు. ఈ నిజాయితీ మెచ్చదగినదే. అయితే దాని పర్యవసానం ఏమిటంటే, వైద్యుడు ఎంత చక్కగా విన్నా ఆ వినడం రోగి కంటికి కనబడదు. అవధానం వైద్యునికి మాత్రమే తెలిసిన రహస్యంగా మిగిలింది. ఆ అవధానాన్ని ఎలా అలవరచుకోవాలో కూడా ఫ్రాయిడ్ చెప్పలేదు. వైద్యుడు స్వయంగా విశ్లేషణకు లోను కావాలన్నాడే తప్ప రోజువారీ సాధన ఏదీ సూచించలేదు. అమెరికన్ మనోవైద్యుడు మార్క్ ఎప్‌స్టీన్ 1984లో ప్రచురించిన పత్రానికి ఈ సమావధానం పట్ల జరిగిన నిర్లక్ష్యమే శీర్షిక.

ఫెరెంజి అభియోగం

ఫ్రాయిడ్‌కు అత్యంత సన్నిహితులైన శిష్యులలో బుడాపెస్ట్ వైద్యుడు శాండోర్ ఫెరెంజి ఒకడు. ఇతరులు వదిలివేసిన కష్టమైన కేసులను స్వీకరించేవాడని అతనికి పేరు. 1932 సెప్టెంబరులో వీస్‌బాడెన్‌లో జరిగిన అంతర్జాతీయ మనోవిశ్లేషణ మహాసభలో అతడు చదివిన పత్రం పెద్దలకూ పిల్లలకూ మధ్య భాషల గందరగోళం గురించి. బాల్యంలో లైంగిక హింసకు గురైనవారి అనుభవాన్ని కల్పనగా కొట్టిపారేయరాదన్నది దాని ప్రధాన వాదం. ఆ వాదానికి ముందు అతడు విశ్లేషకుల ప్రవర్తన గురించి చెప్పిన మాటలు ప్రస్తుత చర్చకు మూలాధారం.

విశ్లేషకుడు రోగిని మర్యాదగా పలకరిస్తాడు, పూర్తిగా వింటానని మాట ఇస్తాడు. కాని లోలోపల ఆ రోగిలోని కొన్ని గుణాలు అతనికి సహించరానివి కావచ్చు, లేదా అతని మనస్సు మరెక్కడో ఉండవచ్చు. దీనినే ఫెరెంజి వృత్తిపరమైన కపటం అన్నాడు. మంచం వెనుక దాగినంత మాత్రాన ఇది దాగదన్నది అతని పరిశీలన. విశ్లేషకుడు తనలో తాను గుర్తించని విసుగును, అయిష్టాన్ని కూడా రోగులు అతిసూక్ష్మంగా పసిగడతారు. పసిగట్టినా పైకి అనరు. అందుకు బదులు తప్పు తమదేనని నమ్ముతారు. చిన్నతనంలో ఇంటి పెద్దల విషయంలో ఏం చేశారో ఇక్కడా అదే చేస్తారు. ఆ విధంగా చికిత్స పాత గాయాన్ని మరోసారి రేపుతుంది. విశ్లేషకుడు తన పొరపాటును ఒప్పుకున్నప్పుడు మాత్రం రోగికి నమ్మకం కుదిరి, గతానికీ వర్తమానానికీ తేడా తెలిసివస్తుందని ఫెరెంజి గమనించాడు.

ఇక్కడ పణంగా ఉన్నదేమిటో స్పష్టంగా చూడాలి. వినేవారి ఏమరుపాటు వట్టి లోపం కాదు, అది రోగిని తనను తానే అనుమానించుకునే స్థితికి నెట్టగలదు. ఫ్రాయిడ్ దృష్టిలో అవధానలోపం వల్ల జరిగే నష్టం జ్ఞానానికి సంబంధించినది: ముఖ్యమైన సమాచారం జారిపోతుంది. ఫెరెంజి దృష్టిలో ఆ నష్టం మనిషికి జరుగుతుంది. 1912కూ 1932కూ మధ్య వచ్చిన అసలు మార్పు ఇదే.

మహాసభకు ముందే ఈ పత్రాన్ని విన్న ఫ్రాయిడ్ దాని ప్రచురణ పట్ల విముఖత చూపాడు. జర్మన్‌లో అది 1933లో వెలువడింది. అదే సంవత్సరం మే 22న ఫెరెంజి రక్తహీనత వ్యాధితో మరణించాడు. ఆంగ్ల ప్రచురణ ఆగిపోయి, 1949లో గాని వెలుగు చూడలేదు. 1932లో అతడు రాసుకున్న చికిత్సా దినచర్య మరింత ఆలస్యంగా, 1985లో ఫ్రెంచిలో, 1988లో ఆంగ్లంలో అచ్చయింది. రోగి, వైద్యుడు వంతులవారీగా ఒకరినొకరు విశ్లేషించుకునే 'పరస్పర విశ్లేషణ' ప్రయోగం వివరాలు అందులో ఉన్నాయి. ఆ ప్రయోగం అదుపు తప్పిందనీ, దాని పరిమితులను ఫెరెంజియే గుర్తించాడనీ దినచర్య చదివితే అర్థమవుతుంది. వైద్యుని ఎరుక రోగికి కనబడాలన్నది సరైన ఆలోచన. కాని వైద్యుని మనస్సులోని సమస్తాన్నీ రోగి మోయాలనడం గడ మీద ఉన్నవాడిని కిందివాడి బరువు మోయమనడం వంటిది.

హోర్నై చివరి ఉపన్యాసాలు

జర్మనీ నుంచి అమెరికాకు వలస వెళ్లిన విశ్లేషకురాలు కరెన్ హోర్నై 1952లో డి.టి. సుజుకీ తోడుగా జపాన్ వెళ్లి జెన్ ఆశ్రమాలను చూసింది. అదే ఏడాది డిసెంబరులో మరణించింది. ఆ సంవత్సరం శిక్షణార్థులకు ఆమె చేసిన ఉపన్యాసాలు 1987లో పుస్తకంగా వచ్చాయి. వాటిలో విశ్లేషకుల అవధాన గుణాన్ని ప్రత్యేక విషయంగా తీసుకొని, నిండు మనసుతో వినడమంటే ఏమిటో జెన్ ప్రస్తావనతో వివరించింది. ఫ్రాయిడ్ సూచనలోని నిర్లిప్తత స్థానంలో తన్మయతను నిలపడం ఆమె చేసిన సవరణ. 1957లో ఎరిక్ ఫ్రామ్ మెక్సికోలోని కుయెర్నవాకాలో సుజుకీతో కలిసి జరిపిన సదస్సు దీనికన్నా ఎక్కువ ప్రసిద్ధి పొందింది. అయితే అక్కడి చర్చ మోక్షం, అచేతనం వంటి విశాల భావనల మీద ఎక్కువగా నడిచింది. చికిత్స గదికి దగ్గరగా ఉన్నది హోర్నై ఉపన్యాసాలే.

రోజర్స్ ఆరవ షరతు, బూబర్ అభ్యంతరం

కార్ల్ రోజర్స్ 1940లలో చికిత్సా సంభాషణలను రికార్డు చేయించి, ఒక పూర్తి కేసును మాట పొల్లుపోకుండా 1942 నాటి పుస్తకంలో ప్రచురించాడు. ఫ్రాయిడ్‌కు టెలిఫోన్ ఒక ఉపమానం. రోజర్స్‌కు రికార్డు యంత్రం నిజమైన సాక్షి. చికిత్సకులు తాము ఎలా విన్నామని అనుకుంటున్నారో, నిజానికి ఎలా విన్నారో పోల్చి చూసే వీలు మొదటిసారిగా కలిగింది.

1957లో రోజర్స్ వ్యక్తిత్వంలో మార్పు రావడానికి అవసరమైన, చాలినంత అయిన షరతులు ఆరని ఒక పత్రంలో ప్రతిపాదించాడు. ఇద్దరి మధ్య మానసిక సంపర్కం ఉండడం, క్లయింట్ లోలోపల పొంతన లేని స్థితిలో ఉండడం మొదటి రెండు. చికిత్సకుల నిజత్వం, షరతులు లేని ఆదరణ, సహానుభూతి మరి మూడు. బోధనలో ఈ మూడే ఎక్కువగా వినబడతాయి. ఆరవది తరచుగా మరుగున పడుతుంది: చికిత్సకుల ఆదరణ, సహానుభూతి కనీస స్థాయిలోనైనా క్లయింటుకు అందాలి. అందకపోతే, ఈ సిద్ధాంతం ప్రకారం, అవి లేనట్టే. ఫెరెంజి అభియోగంగా చెప్పినదాన్ని రోజర్స్ నిబంధనగా మార్చాడు. వినేవారి ఎరుకకు తీర్పరి వినేవారు కారు.

ఆ ఏడాదే, ఏప్రిల్ 18న, మిషిగన్ విశ్వవిద్యాలయంలో తత్త్వవేత్త మార్టిన్ బూబర్‌తో రోజర్స్ బహిరంగంగా సంభాషించాడు. గాఢమైన క్షణాలలో చికిత్సకుడు, క్లయింట్ సమానులుగా కలుసుకుంటారని రోజర్స్ నమ్మకం. బూబర్ సున్నితంగానే అయినా గట్టిగా నిరాకరించాడు. క్లయింట్ సహాయం కోరి వచ్చారు. చికిత్సకుడు తన వైపు నుంచీ క్లయింట్ వైపు నుంచీ కూడా చూడగలడు, క్లయింట్ ఆ స్థితిలో అలా చూడలేరు. ఇది ఎవరి మంచితనంతోనూ తీరేది కాదని, పరిస్థితిలోనే ఉన్న అసమానత అని అతని వాదన. ఆ రోజు తేలని ఈ విషయంలో బూబర్ పక్షమే బలంగా కనిపిస్తుంది. అసమానతను ఒప్పుకుంటేనే ఎక్కువ ఎరుక ఎవరి బాధ్యతో స్పష్టమవుతుంది.

జ్ఞాపకం వద్దన్న బియన్

విల్‌ఫ్రెడ్ బియన్ 1897లో మధురలో జన్మించి, ఎనిమిదేళ్ల వయస్సులో చదువు కోసం ఇంగ్లండు వెళ్లిన వ్యక్తి. అతని తరువాతి ఆలోచనలన్నిటికీ మధురలోని బాల్యమే కారణమని చెప్పే ధోరణి ఒకటి ఉంది. ఆధారాలు అంత దూరం తీసుకుపోవు. 1967లో ప్రచురించిన రెండు మూడు పుటల వ్యాసంలో అతడు విశ్లేషకులు ప్రతి సమావేశంలోకీ జ్ఞాపకాన్ని, కోరికను విడిచి ప్రవేశించాలన్నాడు. గతసారి రోగి ఏం చెప్పారో తలచుకోవద్దు. ఈసారి నయం కావాలని కూడా కోరుకోవద్దు. తెలిసినట్టు భావించే రోగిని చూస్తూ ఉంటే ఎదుట ఉన్న రోగి కనబడరని అతని ఉద్దేశం.

స్మృతి అన్న మాటకు జ్ఞాపకమని అర్థం. బౌద్ధులు అవధానానికి ఆ పేరు పెట్టారు. బియన్ అదే అవధానం కోసం జ్ఞాపకాన్ని వదలమన్నాడు. పైకి ఇది వైరుధ్యంలా తోస్తుంది. ప్రయత్నపూర్వకంగా తవ్వి తీసే గతానికీ, సందర్భం వచ్చినప్పుడు దానంతటదే తేలివచ్చేదానికీ బియన్ స్వయంగా భేదం చెప్పాడు. అతడు వద్దన్నది మొదటిదే. ఎదుట ఉన్నదాన్ని మరవకుండా ఉండడమనే పాళీ సతికీ ఈ భేదానికీ పొంతన కుదురుతుంది. అయినా బియన్ బౌద్ధ సాధకుడు కాడు. రెండు దారులు ఒకచోట కలిశాయనడం వేరు, ఒకటి మరొకదాని నుంచి పుట్టిందనడం వేరు.

బియన్ సూచనలో ఒక ప్రమాదం లేకపోలేదు. ఏడాదిగా తన బిడ్డ మరణం గురించి చెప్పుకుంటున్న తల్లికి, ఆ బిడ్డ పేరు చికిత్సకునికి గుర్తులేదని తెలిస్తే, అతడు తాత్త్వికంగా జ్ఞాపకాన్ని వదిలాడని ఆమె అనుకోదు. రోజర్స్ ఆరవ షరతు ఇక్కడ మళ్లీ అడ్డుపడుతుంది.

గురువు, చేలా

ఈ చర్చలో భారతీయ మనోవైద్యుల భాగస్వామ్యం తరచుగా ప్రస్తావనకు రాదు. పంజాబీ కవి కూడా అయిన మనోవైద్యుడు జస్వంత్ సింగ్ నేకీ 1973లో ఒక అమెరికన్ వైద్య పత్రికలో గురు–చేలా సంబంధం చికిత్సకు నమూనా కాగలదా అని పరిశీలించాడు. స్వీయవ్యక్తీకరణ కన్నా స్వీయనియమానికి విలువనిచ్చే సమాజాలలో పాశ్చాత్య చికిత్సలోని తటస్థ సంబంధం కన్నా ఇది ఎక్కువగా ఒదుగుతుందని అతని ప్రతిపాదన. మరొకరి మీద ఆధారపడడాన్ని రుగ్మతగా చూసే దృష్టి అన్ని సంస్కృతులకూ చెల్లదని తరువాతి పత్రాలలో వాదించాడు.

బూబర్ చెప్పిన అసమానతను నేకీ దాచిపెట్టలేదు, దానికొక మర్యాద కల్పించాడు. గురువుకు అధికారం ఉంటుంది, ఆ అధికారం అతని సొంత సాధన నుంచి వచ్చిందన్న అపేక్ష కూడా ఉంటుంది. చికిత్సకులు స్వయంగా సాధకులై ఉండాలన్న షరతు ఈ నమూనాలో సహజంగానే ఇమిడి ఉంది. అయితే గురువు ఏమరుపాటును శిష్యుడు ప్రశ్నించే దారి ఈ నమూనాలో ఎక్కడ ఉందన్నది అడగవలసిన మాట. ఫెరెంజి రోగులు తప్పు తమదేనని నమ్మారు. గురుభక్తి ఆ నమ్మకాన్ని మరింత బలపరచగలదు. సేదక సుత్తంలోని శిష్యుడు మాత్రం గురువు మాటను కాదనగలిగాడు, బుద్ధుడు ఆ శిష్యునే సమర్థించాడు.

1979 తరువాత

1979లో జాన్ కబాట్-జిన్ మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్యకేంద్రంలో, వూస్టర్ పట్టణంలో, దీర్ఘకాలిక నొప్పితో బాధపడేవారి కోసం ఒక శిక్షణ ఆరంభించాడు. అది తరువాత ఎనిమిది వారాల పాఠ్యక్రమంగా ప్రపంచమంతటా వ్యాపించింది. దీనితో దృష్టికేంద్రం మారింది. సాధన చేయవలసినవారు ఇప్పుడు రోగులు. ఎరుక వినేవారి బాధ్యతగా కాక బాధితులకు అప్పగించిన ఇంటిపనిగా మారిందని కొంత కటువుగా అనవచ్చు. ఆ పాఠ్యక్రమం వల్ల అనేకులకు ఉపశమనం కలిగిందన్నది దీనితో తగ్గిపోదు.

అదే సంవత్సరం ఎడ్వర్డ్ బోర్డిన్ చికిత్సా సంబంధాన్ని లక్ష్యాల మీద అంగీకారం, పనుల మీద అంగీకారం, ఇద్దరి మధ్య బంధం అన్న మూడు అంశాలుగా నిర్వచించాడు. ఒకే ఏట పుట్టిన ఈ రెండు పాయలు చాలాకాలం ఒకదానినొకటి పట్టించుకోకుండా నడిచాయి.

వాటిని కలిపిన ఘటనలలో ఒకటి విశేషమైనది. కుంగుబాటు మళ్లీ రాకుండా నివారించే చికిత్సను రూపొందిస్తున్న సీగల్, విలియమ్స్, టీస్‌డేల్ అనే ముగ్గురు మనస్తత్వవేత్తలు మొదట మైండ్‌ఫుల్‌నెస్‌ను అవధాన నియంత్రణ మెలకువగా మాత్రమే తీసుకోదలచారు. వూస్టర్ తరగతులను మళ్లీ చూసినప్పుడు, ఎవరైనా తీవ్రమైన బాధను వ్యక్తం చేస్తే అక్కడి బోధకులు దాన్ని సరిదిద్దడానికి తొందరపడకపోవడం వారిని ఆకర్షించింది. చికిత్సకులుగా తమకున్న అలవాటు వెంటనే పరిష్కారం వెతకడం. ఈ తేడా పాఠంలో లేదు, బోధకుల సొంత సాధనలో ఉందని గ్రహించి, తామూ సాధన మొదలుపెట్టారు. 2002లో ప్రచురించిన తమ గ్రంథంలో ఈ తప్పటడుగును వారే వివరంగా రాశారు. పద్ధతిని వెతకబోయినవారికి వినేవారి ఎరుక మళ్లీ ఎదురైంది.

కొలతల ముందు

చికిత్సా సంబంధానికీ ఫలితానికీ మధ్య అనుబంధం ఉన్నదన్న విషయం ఇప్పుడు వివాదాస్పదం కాదు. 2018లో ఫ్లూకిగర్, అతని సహచరులు 295 అధ్యయనాలను, 30,000కు పైగా క్లయింట్ల సమాచారాన్ని సంకలనం చేసి దానిని మధ్యస్థ స్థాయిలో నిర్ధారించారు. అనుబంధ గుణకం దాదాపు 0.28. చికిత్సకుల ఎరుక ఆ సంబంధాన్ని మెరుగుపరుస్తుందా అన్నది వేరే ప్రశ్న. దానికి సాక్ష్యం అంత సూటిగా లేదు.

ఈ సందర్భంలో ఎక్కువగా ఉదహరించే అధ్యయనం జర్మనీలో గ్రెప్‌మైర్, సహచరులు చేసి 2007లో ప్రచురించినది. శిక్షణలో ఉన్న 18 మంది చికిత్సకులలో సగం మంది జెన్ గురువు పర్యవేక్షణలో ధ్యానం చేశారు, మిగిలిన సగం చేయలేదు. తొమ్మిది వారాలలో వారు చికిత్స చేసిన 124 మంది ఆసుపత్రి రోగుల ఫలితాలను పోల్చారు. తమ చికిత్సకులు ధ్యానం చేస్తున్నారో లేదో రోగులకు తెలియదు. ధ్యానం చేసినవారి రోగులలో లక్షణాలు ఎక్కువగా తగ్గాయి. మంచం వెనుక దాగినా రోగి పసిగడతారన్న ఫెరెంజి మాటకు డెబ్బై అయిదేళ్ల తరువాత దొరికిన గణాంక రూపంగా దీన్ని చదవాలనిపిస్తుంది. కాని ఆ చదువుకు తొందరపడరాదు. ఒక సంవత్సరం ముందు, 2006లో, స్టాన్లీ, సహచరులు అమెరికాలో ముద్రిత సూచనల ప్రకారం చికిత్స చేసే శిక్షణార్థులను పరిశీలించినప్పుడు ఫలితం తలకిందులైంది. తమను తాము ఎక్కువ ఎరుక గలవారుగా అంచనా వేసుకున్న చికిత్సకుల క్లయింట్లలో మెరుగుదల తక్కువగా కనిపించింది. అక్కడ ఎరుకను కొలిచినది చికిత్సకులు స్వయంగా నింపిన ప్రశ్నావళితో.

గ్రెప్‌మైర్ అధ్యయనాన్ని కూడా దగ్గరగా చూడవలసి ఉంది. వ్యక్తిగత చికిత్స గురించి రోగులు ఇచ్చిన మదింపులలో స్పష్టత, సమస్యా పరిష్కారం అన్న రెండు అంశాలలో ధ్యాన బృందానికి గణనీయమైన ఆధిక్యం వచ్చిందని పరిశోధకులు నివేదించారు. వైద్యునితో సంబంధం అన్న అంశం ఆ రెండింటిలో లేదు. ధ్యానం చేసిన చికిత్సకుల వద్ద రోగులకు తమ విషయం తమకు మరింత విశదమైంది, బాధ తగ్గింది. ఆ చికిత్సకులు తమకు మరింత దగ్గరయ్యారని మాత్రం వారు అంతగా చెప్పలేదు.